వైపర్లు లెక్కపెట్టడం మానేశాక

నా మొదటి ఖరీదైన మోడల్ రైలింజన్ పెట్టె విప్పిన రాత్రి, భూతద్దం పట్టుకుని గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అద్దాల మీద వైపర్లు విడివిడిగా అతికించి ఉన్నాయి, తలుపు పక్కన హ్యాండ్‌రైల్ సన్నటి తీగతో చేశారు, పక్కనున్న జాలీలోంచి తొంగిచూస్తే లోపలి ఫ్యాన్ కనిపిస్తోంది, అడుగున చీమతలంత అక్షరాలు కూడా చదవడానికి వస్తున్నాయి. మురిసిపోయి పట్టాల మీద పెట్టి, వెనకాల ఉన్న నాలుగు పాత బోగీలు తగిలించి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. బొమ్మ రైలే. చవక ఇంజన్ ఉన్నప్పుడు ఎంత బొమ్మలా ఉండేదో ఇప్పుడూ అంతే. నిజానికి ఇంకొంచెం ఎక్కువే, ఎందుకంటే ఇంజన్ అంత బాగుండేసరికి దాని పక్కన మిగతావన్నీ వెలవెలబోయాయి.

ఎక్కడ తేడా కొట్టిందో అర్థమవడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో మరో రెండు ఇంజన్లు కొన్నాను, వాటికీ వైపర్లు ఉన్నాయి.

మొదట తట్టాల్సింది దూరం సంగతి. హెచ్ఓ స్కేల్ అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు సైజు. లేఅవుట్‌లో, అంటే పట్టాలూ స్టేషనూ పరిచి కట్టుకున్న బుల్లి రైల్వేలో, మీకు ఒక మీటరు దూరంలో ఉన్న రైలును చూడటమంటే అసలు రైలును 87 మీటర్ల నుంచి చూసినట్టు. ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్‌లో (1:160) అదే మీటరు 160 మీటర్లవుతుంది. ఈసారి పట్టాలకు అంత దూరంలో నిలబడి ఒక రైలు పోతుంటే చూడండి, ఏం కనిపిస్తుందో. రివెట్లు కనపడవు, వైపర్లు కనపడవు. పైకప్పు గీత కనపడుతుంది, ఇంజన్ ముఖం వాలు కనపడుతుంది, బోగీల కింద చీకటి, చక్రాల మధ్యలోంచి అవతలి వెలుతురు, బోగీకీ బోగీకీ మధ్య సందు, ఎండకీ దుమ్ముకీ వెలిసిన రంగు, ఇవి కనపడతాయి. మన కంటికి అసలు రైలు జ్ఞాపకం ఉన్నది ఇలాగే. అందుకని ఇది రైలా బొమ్మా అని మనసు తేల్చేసేది కూడా వీటిని చూసే.

అలాగని డీటెయిల్ దండగ అనడం లేదు. ఎన్ని అన్నదానికంటే ఎంత సన్నగా ఉన్నాయన్నదే నేనిప్పుడు చూస్తాను. అసలు ఇంజన్ మీద హ్యాండ్‌రైల్ మందం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని 87తో భాగిస్తే 0.35 మిల్లీమీటర్లు కూడా రాదు. ప్లాస్టిక్‌తో పోత పోసి 0.8 మిల్లీమీటర్ల మందాన పెట్టారనుకోండి, అసలు లెక్కలో అది 70 మిల్లీమీటర్ల గొట్టం, దాన్ని పట్టుకుని ఎక్కాలంటే డ్రైవరుకు గుప్పిట చాలదు. అలాంటివి పది ఉండే కంటే పల్చటి తీగతో చేసినవి నాలుగుంటే మేలు. కిటికీలూ అంతే. అద్దం గోడ ఉపరితలానికి సమంగా ఉండాలి, ఒక మిల్లీమీటరు లోపలికి పోయిందంటే అసలులో 87 మిల్లీమీటర్ల లోతు గోడ, కోట గోడలా కనిపిస్తుంది. కొనేముందు ఫోటోల్లో నేను చూసే మొదటి చోటు ఇప్పుడు ఇదే, కిటికీ అంచు.

రెండోది ముఖం. లేనిదాన్ని తర్వాత అతికించుకోవచ్చు, వైపర్లు, గొట్టాలు, హారన్ ఏవైనా, విడిగా అమ్మేవాళ్ళున్నారు. కానీ ముక్కు వాలు తప్పితే, అద్దాల మధ్య దూరం కాస్త ఎక్కువైతే దానికి మందు లేదు. ఇప్పుడు చాలామంది తయారీదారులు అసలు ఇంజన్‌ని లేజర్‌తో స్కాన్ చేసి మరీ అచ్చులు తీస్తున్నారు, అయినా తప్పులు దొర్లుతూనే ఉంటాయి. నేను చేసేది చిన్న పని: అసలు ఇంజన్ ఫోటో ఒకటి, మోడల్ ఫోటో ఒకటి, రెండూ ఒకే కోణంలో తీసినవి దొరికేదాకా వెతికి ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూస్తాను. కోణం కుదరకపోతే మాత్రం పోల్చడం మానేయండి, కెమెరా చేసే మోసం ఇంతా అంతా కాదు, దగ్గర నుంచి వైడ్ లెన్సుతో తీస్తే మంచి మోడల్ కూడా ఉబ్బిన బుగ్గలతో కనిపిస్తుంది.

ఇక ఇంజన్ సంగతి కాసేపు పక్కన పెడదాం, ఎందుకంటే నా అసలు తప్పు ఇంజన్‌లో లేదు, దాని కిందా దాని వెనకా ఉంది.

కింద అంటే పట్టాలు. నేను వాడుతున్నవి కోడ్ 100. ఈ కోడ్ అంటే మరేం లేదు, పట్టా ఎత్తు అంగుళంలో వెయ్యో వంతుల్లో, అంటే 0.100 అంగుళం, 2.54 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 221 మిల్లీమీటర్లు. యూరప్ ప్రధాన లైన్లలో వాడే బరువైన యూఐసీ 60 పట్టా ఎత్తే 172 మిల్లీమీటర్లు! నా బుల్లి రైలు ఈ లోకంలో ఎక్కడా లేనంత ఎత్తు పట్టాల మీద తిరుగుతోందన్నమాట. కోడ్ 83 అయితే 183కి వస్తుంది, కోడ్ 75 అయితే 166కి. ఈ లెక్క వేసుకున్న రోజు కాస్త సిగ్గేసింది, ఎందుకంటే రెండో ఇంజన్ కొన్న డబ్బుతో స్టేషన్ ముందు భాగం పట్టాలన్నీ మార్చుకుని ఉండొచ్చు. అంత పని పెట్టుకోలేనంటే ఇంకో దారి ఉంది: పట్టాల పక్కలకు మట్టి గోధుమరంగు పూసి, పైన చక్రం తిరిగే చోటు మాత్రం తుడిచేయండి. మెరుపు పోగానే ఎత్తు సగం తగ్గినట్టే అనిపిస్తుంది. నేను ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తిచేశాను, మా ఆవిడ వచ్చి చూసి కొత్త రైలు ఎప్పుడు తెచ్చావని అడిగింది.

పాత చక్రాల అంచులతో మాత్రం జాగ్రత్త. పాత ఎన్ స్కేల్ బోగీలకు ఉండే లోతైన అంచుల్ని అభిమానులు పిజ్జా కట్టర్లంటారు, ఎత్తు తక్కువ పట్టాల మీద అవి మేకు తలల్ని కొట్టుకుంటూ టకటకమని పోతాయి. హెచ్ఓలో మామూలు చక్రం వెడల్పు 0.110 అంగుళం, అసలు లెక్కలో అది దాదాపు 243 మిల్లీమీటర్లు. అసలు చక్రం వెడల్పు దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. 0.088 అంగుళం చక్రాలు కూడా దొరుకుతాయి, వ్యాగన్‌ని ముందు నుంచో వెనక నుంచో చూసినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే పాయింట్ల దగ్గర, అంటే ఒక లైను రెండుగా చీలే చోట, సందు వెడల్పుగా ఉంటే సన్నటి చక్రం అందులో పడి తడబడుతుంది, అందుకే నేను ముందు వరసలో తిరిగే వ్యాగన్లకే వేశాను.

గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, దాని దగ్గర ఒక మాట. బ్రిటిష్ రైళ్ళంటే ఇష్టపడేవాళ్ళకు ఇదొక పాత పుండు. ఓఓ స్కేల్ 1:76, కానీ అది నడిచేది హెచ్ఓకి సరిపోయే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. పక్క నుంచి చూస్తే ఏం తెలియదు, ఎదురుగా వస్తున్నప్పుడు మాత్రం లావుపాటి మనిషి ఇరుకు చెప్పులేసుకున్నట్టుంటుంది. ఈఎం అని 18.2తో, పీ4 అని 18.83తో చక్రాలూ పట్టాలూ మార్చుకునేవాళ్ళున్నారు, వాళ్ళ ఓపికకు దండం. మనకంత లేదనుకుంటే రైలు పక్క నుంచి కనిపించేలా లేఅవుట్‌ని మలుచుకోవడమే. ఎన్ స్కేల్‌లోనూ ఇలాంటి తిరకాసే: బ్రిటన్ మోడళ్ళు 1:148, జపాన్‌వి 1:150, జపాన్ బుల్లెట్ రైళ్ళు మళ్ళీ 1:160. పెట్టె మీద ఎన్ అని ఉంది కదా అని పక్కపక్కన పెడితే ఒకటి అన్నలా, ఒకటి తమ్ముడిలా ఉంటాయి.

పొడవులోనూ మోసం ఉంది, ఇది నన్ను నిజంగా దెబ్బకొట్టింది. యూరప్ ఎక్స్‌ప్రెస్ బోగీ 26.4 మీటర్లు, 1:87లో అది 303 మిల్లీమీటర్లు రావాలి. అంత పొడవు బోగీ ఇంట్లో వంపుల మీద తిరగడం కష్టం కాబట్టి కొందరు పొడవును మాత్రం 1:93.5తో చేసి 282 మిల్లీమీటర్లకు తెచ్చారు, ఇంకొందరు 1:100 పెట్టి 264 చేశారు. ఎత్తూ వెడల్పూ మాత్రం 1:87లోనే ఉంటాయి. విడిగా చూస్తే మూడూ బాగానే ఉంటాయి, ఒకే రైలులో కలిపితే కిటికీల వరస గతి తప్పుతుంది. నా నాలుగు పాత బోగీల్లో రెండు ఇలాంటివి, రెండు అలాంటివి. ఇన్నేళ్ళూ ఏదో తేడాగా ఉందే అనుకున్నాను తప్ప స్కేలు తీసి కొలవలేదు.

ఇక వంపులు. డీటెయిల్ రైలు కొనాలనుకునేవాళ్ళు కేటలాగ్ తెరిచే ముందు తమ లేఅవుట్‌లో అన్నిటికంటే బిగువైన వంపు కొలుచుకోవాలి. అభిమానుల్లో ఒక మోటు లెక్క ఉంది: వంపు వ్యాసార్ధం బోగీ పొడవుకు మూడు రెట్లుంటే నమ్మకంగా నడుస్తుంది, బయటి నుంచి చూసినా బాగుండాలంటే నాలుగు రెట్లు కావాలి. 303 మిల్లీమీటర్ల బోగీకి మూడు రెట్లంటేనే 90 సెంటీమీటర్లు దాటుతుంది, అంటే పూర్తిగా వెనక్కి తిరగాలంటే దాదాపు రెండు మీటర్ల వెడల్పు. సెట్లతో పాటు వచ్చే వంపులు 36 సెంటీమీటర్లో, 44 సెంటీమీటర్లో ఉంటాయి. వాటి మీద పొడవాటి బోగీ తిరుగుతుంది, తిరగదని కాదు, కానీ మూలలు గాల్లోకి పొడుచుకొస్తాయి, రెండు బోగీల మధ్య పెద్ద సందు తెరుచుకుంటుంది, అక్కడితో నిజం పోయె.

పైగా డీటెయిల్‌కీ వంపుకీ పుట్టు వైరం. ఇంజన్‌తో పాటు ఒక చిన్న సంచి వస్తుంది, అందులో బ్రేకు గొట్టాలు, మెట్లు, పట్టా మీది అడ్డు తోసేయడానికి ముందు తగిలించే రేకు, అడుగు కప్పులు ఉంటాయి, వాటిలో సగం ఫలానా వంపు కంటే పెద్దదైతేనే పెట్టండి, లేదంటే షోకేసులో ఉంచేటప్పుడే పెట్టండి అని కాగితం మీద రాసుంటుంది. నేను ఆ కాగితం చదవలేదు. మెట్లన్నీ జిగురుతో అతికించి, మూడో వంపు దగ్గర ఇంజన్ ఆగిపోతే మోటారు పాడైందనుకుని విప్పడం మొదలుపెట్టాను! చక్రాల ఫ్రేము తిరిగి మెట్టుకు తగులుకుంది, అంతే సంగతి. విప్పే కంగారులో ఇంకో రెండు ముక్కలు విరిగాయి.

కాబట్టి చోటు తక్కువైతే రైలునే పొట్టిగా ఎంచుకోండి. షంటింగ్ ఇంజన్, నాలుగు చక్రాల వ్యాగన్లు, ఒంటి రైల్‌బస్సు, చిన్న బ్రాంచి లైను. 44 సెంటీమీటర్ల వంపు మీద పన్నెండు బోగీల ఎక్స్‌ప్రెస్ ఎప్పటికీ బొమ్మే, అదే చోట ఒక చిన్న ఇంజన్ మూడు వ్యాగన్లు లాక్కుంటూ గూడ్స్ షెడ్డులోకి మెల్లగా పోతుంటే నమ్మబుద్ధేస్తుంది. ఈ మాట చెబితే చాలామంది ముఖం ముడుచుకుంటారు, నేనూ ముడుచుకున్నాను.

సంధుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకిప్పుడు రైలులో మొదట కనిపించేది బోగీని బోగీకి తగిలించే కప్లరే. పెద్ద ప్లాస్టిక్ కొక్కెం ఎంత మంచి బోగీనైనా చెడగొడుతుంది. యూరప్ మోడళ్ళలో ఎన్ఈఎం 362 అనే ప్రమాణం ప్రకారం చేసిన సాకెట్ ఉంటే పాత కొక్కెం లాగేసి వేరేది దూర్చుకోవచ్చు. దానికి తోడు బిగువుగా కలిపే ఏర్పాటు కూడా ఉంటే బోగీలు నేరు పట్టా మీద బఫర్‌కి బఫర్ తగిలేంత దగ్గరగా ఉండి, వంపులోకి వెళ్ళగానే వాటంతటవే కాస్త దూరం జరుగుతాయి. వైపర్లున్నా లేకున్నా ఈ రెండూ ఉన్న బోగీనే కొంటాను. అమెరికా రైళ్ళకైతే కేడీ కంపెనీ కప్లర్లు, నంబర్ 5 అందరూ వాడేది, నంబర్ 58 తల అసలు సైజుకు బాగా దగ్గర.

వెనక అన్నాను కదా, అదీ చెప్తాను. ఇంజన్ ఒకటే ఉంటుంది, వ్యాగన్లు ఇరవై. చూసేవాడి కళ్ళ ముందు నుంచి ఎక్కువసేపు పోయేవి వ్యాగన్లే, అయినా మనం డబ్బంతా ఇంజన్ మీద పోసి వ్యాగన్ల దగ్గర పీనాసులమవుతాం. వ్యాగన్‌లో నేను చూసేవి కొన్నే: బ్రేకు దిమ్మలు చక్రానికి ఎదురుగా ఉన్నాయా లేక లోపలికి ఎక్కడో ఉన్నాయా, నడిచే జాలీ పలక వెలుతురు పోనిస్తుందా లేక గట్టి పలక మీద గీతలేనా, అడుగున గొట్టాలు ఉన్నాయా. అంతే. బరువు కూడా తూచండి. అమెరికా మోడల్ రైలు అభిమానుల సంఘం ఎన్ఎంఆర్ఏ సిఫారసు ప్రకారం హెచ్ఓ వ్యాగన్‌కు ఒక ఔన్సు, పైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలి, అంటే ఆరంగుళాల వ్యాగన్ నాలుగు ఔన్సులు, దాదాపు 113 గ్రాములు. తేలికైతే వంపులో ఊగుతుంది, ఊగితే బొమ్మని ఇట్టే తెలిసిపోతుంది.

అన్నీ టాప్ రకమే ఉండాలని కూడా లేదు. కంపెనీలే ఈ తేడా పెట్టి అమ్ముతున్నాయి, స్కేల్‌ట్రెయిన్స్ వాళ్ళ దగ్గర ఆపరేటర్ అని ఒక వరస, రివెట్ కౌంటర్ అని ఒక వరస ఉంటాయి, హార్న్‌బీ వాళ్ళకు రైల్‌రోడ్ అని సరళమైన వరస ఉంది. ముందు వరసలో, చేతికందే దూరంలో ఆగే బండ్లు మంచివి పెట్టుకుని, వెనక కొండ పక్కన పోయే గూడ్సుకు సరళమైనవి వాడితే ఎవరూ పట్టుకోలేరు. ఒకే రైలులో మాత్రం రెండూ కలపొద్దు, నా మొదటి రాత్రి గుర్తుందిగా.

కాలం కలవకపోవడం ఇంకో పెద్ద లోపం, దీన్ని కొత్తవాళ్ళు అసలు పట్టించుకోరు. యూరప్ మోడళ్ళ పెట్టెల మీద ఎపోక్, అంటే ఏ కాలం నాటిదో చెప్పే రోమన్ అంకె ఉంటుంది, మూడు అంటే యుద్ధం తర్వాత నుంచి 1970 దాకా, నాలుగు అంటే అక్కడి నుంచి 1990 దాకా, కాస్త అటూ ఇటూగా. అంకె ఒకటే చూసుకున్నా సరిపోదు. పశ్చిమ జర్మనీ రైల్వే 1968లో ఇంజన్ల నంబర్లన్నీ మార్చేసింది, ఈ10 కాస్తా 110 అయింది, వీ200 కాస్తా 220 అయింది. పాత నంబరు ఇంజన్ పక్కన 1980ల నాటి కారు నిలబెడితే తెలిసినవాడికి అది ముల్లులా గుచ్చుకుంటుంది. అమెరికాలో 1966 నుంచి కొత్త బాక్స్‌కార్లకు పైకప్పు మీద నడక పలక పెట్టడం ఆపేశారు. ఇంజన్ ముందు కింద భాగంలో వెలిగే డిచ్ లైట్లలాంటి అదనపు దీపాలు అక్కడ తప్పనిసరైంది 1997 ఆఖరుకి. ఇలాంటి రెండు మూడు గుర్తులు మీకు నచ్చిన రైల్వే గురించి తెలుసుకుంటే చాలు, కొనేటప్పుడు సగం మోడళ్ళు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. దీనివల్ల డబ్బు కూడా మిగిలింది నాకు, నచ్చినా సరే నా కాలం కాదని వదిలేయడం అలవాటైంది.

నడక. నిలబడ్డప్పుడు ఎంత బాగున్నా నడిచే తీరు చూస్తేనే గుట్టు బయటపడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం హెచ్ఓలో సెకనుకు 32 సెంటీమీటర్లు, యార్డులో 5 కిలోమీటర్లతో పాకడమంటే సెకనుకు ఒకటిన్నర సెంటీమీటరు. మనవాళ్ళు చాలామంది దీనికి రెట్టింపు వేగంతో తిప్పుతారు. ఒక మీటరు గుర్తు పెట్టుకుని ఫోన్‌లో టైమ్ చూడండి, మూడు సెకన్లలోపే దాటేసిందంటే వంద మీద పోతోందన్నమాట. అంత నెమ్మదిగా పాకాలంటే మోటారుకు ఫ్లైవీల్, అంటే తిరుగుడు కుదుపు లేకుండా చేసే బరువు చక్రం, ఉండాలి, అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకోవాలి, పట్టా మీద దుమ్ము వచ్చినా ఆగకుండా లోపల ఒక కెపాసిటర్ ఉంటే ఇంకా మంచిది. డీసీసీ, అంటే ఒక్కో ఇంజన్‌కి విడిగా ఆదేశాలిచ్చే డిజిటల్ పద్ధతి, పెట్టాలనుకుంటే దాని డీకోడర్ తగిలించే సాకెట్ ఏదో చూసుకోండి, పాత 8 పిన్నుల సాకెట్లో దీపాలు విడివిడిగా వెలిగించుకునే వీలు తక్కువ, 21 పిన్నులదో ప్లక్స్ 22 రకమో అయితే చాలా దారులుంటాయి, చిన్న ఇంజన్లకూ ఎన్ స్కేల్‌కూ నెక్స్ట్ 18 వస్తోంది. దీపం రంగు చూడండి, ఆవిరి ఇంజన్‌కి నీలంగా మెరిసే తెల్ల ఎల్ఈడీ వెలిగితే టార్చిలైటు కట్టినట్టుంటుంది. సౌండ్ గురించి పెద్దగా చెప్పను, అంత చిన్న స్పీకర్లో గంభీరమైన శబ్దం రాదు, ఫ్యాక్టరీ పెట్టిన వాల్యూమ్ సగానికి తగ్గించండి.

కొనేటప్పుడు ఇంకో రెండు మాటలు. మంచి మోడళ్ళు కొద్దిగానే చేస్తారు, ముందే ప్రకటించి ఆర్డర్లు తీసుకుంటారు, చేతికి రావడానికి ఏళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు, అయిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ టెన్షన్‌లో సెకండ్ హ్యాండ్ వైపు పోతాం. అక్కడ పోత లోహపు ఛాసిస్‌ని బాగా చూడాలి. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినం కలిస్తే ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి, పగిలి, చివరికి బిస్కెట్‌లా పొడైపోతుంది. అడుగున వెంట్రుకంత పగులున్నా వద్దనేయండి, దాన్ని బాగుచేయలేం. చేత్తో చేసిన ఇత్తడి మోడళ్ళు ఒకప్పుడు డీటెయిల్‌కి ఏకైక దారి, ఇప్పుడు ప్లాస్టిక్ ఆ స్థాయికి వచ్చేసింది, పైగా ఇత్తడిది ఎక్కడో ఒకచోట తగిలి షార్ట్ అవుతూ ఉంటుంది, అందుకని ఆ జోలికి పోలేదు.

చివరికి నేనేం చేశానంటే, ఆ మూడు ఇంజన్లలో రెండు అమ్మేసి ఒకే పొడవున్న బోగీలు నాలుగు కొన్నాను, చిన్న ఇంజన్ ఒకటి తీసుకున్నాను, దానికి వైపర్లు అచ్చులోనే పోసేసి ఉన్నాయి. అన్నిటి మీదా మెరుపు లేని వార్నిష్ కొట్టి, కింద భాగమంతా గోధుమరంగు పొడి రుద్దాను, కొత్త బోగీల మీద పొడి రుద్దుతున్నప్పుడు చెయ్యి వణికింది, ఒప్పుకుంటాను. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఇప్పుడు బాగుంది. ఆ మొదటి ఇంజన్‌ని మాత్రం అమ్మలేదు. దాని ఎడమవైపు మెట్టు ఒకటి ఎప్పుడో ఊడి ఎక్కడో పడిపోయింది, కంకర పోసి జిగురు పోసినప్పుడు దాన్నీ కలిపి అతికించేసినట్టున్నాను, స్టేషన్ దాటాక మూడో స్లీపర్ పక్కన నల్లగా కనిపిస్తూ ఉంటుంది. పట్టకారుతో లాగబోతే చుట్టూ కంకరంతా లేచొస్తోందని వదిలేశాను.